మా ఆయన ఓటు

మా ఆయన క్లైవ్ నీలం పార్టీ సభ్యుడు. ఏటా చందా కడతాడు, పార్టీ విందులకు టై కట్టుకుని వస్తాడు, టీవీలో ఎర్ర పార్టీ వాళ్లు కనిపిస్తే శబ్దం తగ్గిస్తాడు. ఓటు మాత్రం వేయడు. మా పెళ్లయిన కొత్తలో ఒకసారి వేశాడు. ఆ తర్వాత పార్లమెంటు ఎన్నికలొచ్చాయి, కౌంటీ ఎన్నికలొచ్చాయి, ఊరి కౌన్సిలు ఎన్నికలు వచ్చాయి, పోయాయి. ఆయన బూత్ గడప తొక్కలేదు.

ఇది బద్ధకం కాదు. ఓటు వేయకుండా ఉండడానికి మా ఆయన పడే శ్రమలో పదో వంతు కూడా ఓటు వేసేవాళ్లు పడరు.

మా పక్క సందులో లెన్ హ్యాకెట్ ఉంటాడు. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరయ్యాడు. యూనియన్ మనిషి, వాళ్ల నాన్న నాటి నుంచీ ఎర్ర పార్టీ. ఊరి చివర కౌన్సిలు వాళ్లు కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే మళ్లలో అతనిదీ మా ఆయనదీ పక్కపక్కనే ఉన్నాయి. రైల్వే సమ్మె జరిగిన ఏడు ఇద్దరూ గట్టుకు చెరో వైపు నిలబడి నెల రోజులు తిట్టుకున్నారు. పోలింగు నాడు జోరు వానలో చెరో దారిన వెళ్లి ఓట్లేసి వచ్చారు. సాయంత్రం పబ్‌లో బట్టలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నప్పుడు, నీ ఓటు నా ఓటును కొట్టేసింది కదా, మరి మనం ఎందుకు తడిసినట్టు అన్నాడట ఇద్దరిలో ఒకడు. ఎవరన్నారో ఇద్దరికీ గుర్తులేదు. అక్కడికక్కడే చేతులు కలిపారు. ఇకమీదట ఇద్దరిలో ఎవరూ వేయకూడదు.

లండనులో పార్లమెంటు సభ్యులు కూడా ఇలాగే అవతలి పార్టీవాడితో జంట కట్టి ఓటింగు మానేస్తుంటారనీ, కాబట్టి ఇది చాలా గౌరవనీయమైన పద్ధతనీ మా ఆయన అంటాడు. పార్లమెంటు సభ్యులకు జీతం వస్తుందని నేను ఒకసారి అన్నాను.

క్లైవ్ మా వెన్‌ఫోర్డ్ పశువుల సంతలో వేలం పాడేవాడు. ఆ సంతలో కాగితాలు తర్వాత వస్తాయి. ముందు తల ఊపుతారు, చేతులు కలుపుతారు, ఎద్దు చేతులు మారిపోతుంది. తల ఊపి తర్వాత కాదన్నవాడితో ఆ తర్వాత ఎవరూ బేరమాడరు, వాడి పక్కన కూర్చుని బీరు కూడా తాగరు. అలాంటి చోట బతుకంతా గడిపిన మనిషి కాబట్టి లెన్‌కిచ్చిన మాట ఆయనకు వేదం. పోలింగు నాడు ఇద్దరూ పొద్దున్నే మళ్ల దగ్గరకు చేరి, బూత్ తలుపులు మూసేదాకా ఒకరికొకరు కనబడేంత దూరంలోనే ఉంటారు. రొట్టె, జున్ను, ఊరవేసిన ఉల్లిపాయలు, ఫ్లాస్కు నిండా టీ. అపనమ్మకం వల్ల కాదట. స్నేహితుడికి ప్రలోభం కలగకుండా కాపలా కాయడమట. చీకటి పడగానే లెన్ ఇంటికెళ్లి కోళ్లను గూట్లో పెట్టి రావాలి, లేకపోతే నక్క ఎత్తుకుపోతుంది. ఆ కోళ్లకు మాత్రం ఒప్పందంలో మినహాయింపు ఉంది.

ఇదంతా ఇన్నేళ్లూ నాకు నవ్వులాటగానే ఉండేది. నేను అభ్యర్థిని అయ్యేదాకా.

నేను ఊరి శాఖలో చేరింది పెళ్లి కాకముందే. అప్పటి నుంచి పార్టీకి నేను చేసిన సేవ అంతా ఎక్కువ భాగం రెండు రొట్టె ముక్కల మధ్యన జరిగింది. కీరా ముక్కలతో, గుడ్డుతో, పందిమాంసంతో. ఏ మంత్రి వచ్చినా ఆయన పక్కన ఎవరు కూర్చోవాలా అని మగాళ్లు సభ పెట్టి చర్చించేవారు, ఆయనేం తింటాడో నన్నడిగేవారు. కవర్లు అంటించాను. లాటరీ టికెట్లు అమ్మాను. కుక్కలున్న ఇళ్లకు కరపత్రాలు వేసే పని కూడా నాదే, ఎందుకంటే నాకు కుక్కలంటే భయం లేదని ఎవరో నిర్ణయించారు. నాకు భయమే.

మా వార్డులో మా పార్టీ ఓడిపోవడం నేనెరగను, మా అమ్మ ఎరగదు. అలాంటిది ఈసారి గాలి మారింది. పన్ను పెంచం అని మా పార్టీ మాటిచ్చింది, మాట ప్రకారం పెంచలేదు. ఆ లోటు పూడ్చడానికి తోట చెత్త బుట్ట తీసుకెళ్లాలంటే విడిగా రుసుము కట్టాలంది, లైబ్రరీని వారానికి ఒక పూటకు కుదించింది, రోడ్ల గుంతలను పూడ్చే బదులు వాటి చుట్టూ తెల్ల రంగు గీతలు గీయించింది. ఇళ్ల విషయంలో మాకు రెండు విధానాలు ఉన్నాయి. దేశంలో యువతకు ఇళ్లు కట్టాలనేది పార్టీ విధానం. ఇక్కడ కాదు అనేది మా శాఖ విధానం. రెండింటినీ ఒకే కరపత్రంలో వేశాం, ముందొకటి, వెనకొకటి.

దానికి తోడు కొత్త పార్టీ ఒకటి వచ్చింది. మేం కుడి పక్కన నిలబడ్డామని ఇన్నాళ్లూ అనుకుంటుంటే వాళ్లు వచ్చి మాకు ఇంకా కుడి పక్కన నిలబడ్డారు. గ్యారేజీ నడిపే షెల్డన్ వాళ్ల అభ్యర్థి. మా సభ్యుల కార్లన్నీ బాగుచేసేది ఆయనే కాబట్టి మా సభ్యులందరి గురించీ ఆయనకు తెలుసు.

మా కౌన్సిలరు మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పుకున్నాడు. ఆయన ఇప్పటికీ బాల్‌రూమ్ నాట్యం చేస్తాడు. మరొక ఇద్దరు ఇంట్లో పనులున్నాయన్నారు. అప్పుడు శాఖ అధ్యక్షుడు జైల్స్ ఫెదర్‌స్టన్ మా ఇంటికి వచ్చాడు. భూముల వ్యవహారాలు చూసే మనిషి, ఇంట్లోకి వచ్చేటప్పుడు కూడా పొలంలోకి దిగుతున్నట్టే దిగుతాడు. మిమ్మల్ని ఊళ్లో ఎరగనివాళ్లు లేరు రోజలిండ్ గారూ, ఇన్నాళ్లు మీకు అవకాశం ఇవ్వకపోవడం మా తప్పే అన్నాడు. ఓడిపోతున్న చోట మర్యాదగా ఓడిపోయే మనిషి కావలసి వచ్చిందని నాకు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకున్నాను.

ఎందుకంటే నాకు కావాలనిపించింది. ఎంత కావాలనిపించిందంటే, జైల్స్ వెళ్లాక వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని, బ్యాలెట్ కాగితం మీద నా పేరు ఎలా కనబడుతుందో పాలవాడికి రాసిపెట్టే చీటీ వెనక రాసి చూసుకున్నాను. ఈ వయసులో సిగ్గులేకపోతే సరి అనుకుని చింపేశాను.

క్లైవ్ సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు. ఇంటి ముందు పాతడానికి నా పేరున్న బోర్డు తనే తెచ్చాడు, తిన్నగా ఉందో లేదో మట్టం పెట్టి చూశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర, ఈసారి నువ్వు ఓటేస్తావు కదా అని మామూలుగా అడిగాను. అడగాల్సిన మాట కూడా కాదనుకున్నాను.

ఆయన బఠానీలు వడ్డించుకోవడం ఆపలేదు.

"లెన్‌కి మాటిచ్చాను కదా రోజ్."

"నాకూ ఇచ్చావు, చర్చిలో."

"అందులో ఓటు ప్రస్తావన రాలేదు" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే ఆ మాటలన్నీ మనసులో ఒకసారి తిరగేసి చూసి చెప్పాడు.

నాకు కోపం రాలేదు. నేను గెలవనని నాకు తెలుసు, పార్టీకి తెలుసు, షెల్డన్‌కు తెలుసు. నాకు కావలసింది గెలుపు కాదు. నా పేరు పక్కన మా ఆయన పెన్సిలుతో ఒక ఇంటూ గుర్తు పెట్టాలి. ఇన్నేళ్లు పార్టీ విందులకు వంటలు చేశాను, ఆయన మడి నుంచి తెచ్చిన ప్రతి బీన్సు గింజా ఒలిచాను. నాకు ఒక్క గుర్తు బాకీ ఉందనిపించింది. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

లెన్‌కు చెప్పాను. మా ఆయన్ని ఒప్పందం నుంచి విడిపించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. నా కోటుకున్న పార్టీ నీలి రిబ్బను పువ్వు వాళ్ల గుమ్మం దగ్గర తీసి జేబులో పెట్టుకున్నాను. లెన్ భార్య పోయి చాలా ఏళ్లయింది. వంటగది మాత్రం ఆవిడ ఇప్పుడే లేచి వెళ్లినట్టు తుడిచి పెట్టుకుంటాడు. టీ పెట్టాడు, బిస్కెట్లు తీశాడు, నేను అడిగింది మొత్తం విన్నాడు. తర్వాత సిగ్నల్ మనిషి లాగే ముందూ వెనకా చూసుకుని మాట్లాడాడు.

"చూడు తల్లీ. వాణ్ణి వదిలేస్తే నన్నూ వదిలేసినట్టే కదా. వాడు నీకేస్తాడు, నేను మావాళ్లకేస్తాను. నీకు ఒరిగేదేముంది? లెక్క ఎక్కడున్నది అక్కడే ఉంటుంది."

లెక్క నాకు తెలుసన్నాను. నాకు లెక్క కాదు కావలసింది, ఆయన వెళ్లి వేయడం కావాలన్నాను. అనేసరికి గొంతు బొంగురుపోయింది. బిస్కెట్టు నా గొంతుకు అడ్డం పడిందనుకున్నట్టు లెన్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నాకు ఇబ్బంది కలగకూడదని అలా చేశాడు, మా ఊరివాళ్ల పద్ధతే అంత.

"అది అడగాల్సింది నన్ను కాదు తల్లీ" అన్నాడు చివరికి. "వాడంతట వాడికి తట్టాలి."

తట్టదు అన్నాను. చూద్దాం అన్నాడు.

ఆ తర్వాత మళ్లీ నేను ఆ ఊసు ఎత్తలేదు. ప్రచారంలో పడిపోయాను. మా ఊళ్లో ఎవరూ ముఖం మీద కాదనరు, అదే మా ప్రచారంలో ఉన్న పెద్ద కష్టం. తలుపు తీసి, మీరు నిలబడటం ఎంత బాగుందో అంటారు. తప్పకుండా ఆలోచిస్తాం అంటారు. తప్పకుండా ఆలోచిస్తామన్నారంటే మన పని అయిపోయిందన్నమాట. కొత్తవాళ్లు తెలియక ఆ మాటలనే ఓట్లుగా లెక్క వేసుకుని, లెక్కింపు రోజున బిక్కమొహం వేస్తారు. నాతో సూటిగా మాట్లాడింది ఒకే ఒకావిడ. చెత్త బుట్ట పట్టుకుని గేటు దాకా వచ్చి, దీన్ని నువ్వే మోసుకుపో అంది. ఆవిడ మా పార్టీ సభ్యురాలే. మోసుకుపోయాను. గులాబీ కొమ్మలు చేతులంతా గీసుకున్నాయి.

ఎర్ర పార్టీ తరఫున నిలబడ్డ బడిపంతులు కూడా పాపం నాలాగే తిరుగుతున్నాడు. వీధి చివర ఎదురైతే ఏ ఇంటి కుక్క కరుస్తుందో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. షెల్డన్ ఎక్కడా తిరగలేదు. గ్యారేజీలోనే కూర్చున్నాడు. జనమే బండ్లు తీసుకుని ఆయన దగ్గరకు వెళ్లారు.

పోలింగు రోజు వాన. పొద్దున్న నేను లేచేసరికి క్లైవ్ బూట్లు తొడుక్కుని, ఫ్లాస్కు నింపుకుని తయారుగా ఉన్నాడు. గుమ్మం దగ్గర నన్ను దగ్గరకు తీసుకుని, బాగా చెయ్యి రోజ్ అన్నాడు. తన ఆకుపచ్చ వానకోటు తొడుక్కుని మళ్ల వైపు వెళ్లిపోయాడు. బూత్ ఎడమ వైపు ఉంది. ఆయన కుడివైపు తిరిగాడు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను, మలుపు దాటేదాకా.

ఆ రోజంతా కారులో ముసలివాళ్లను బూత్‌కు చేరవేస్తూ తిరిగాను. బూత్ మెథడిస్టు చర్చి హాలులో. గుమ్మం దగ్గర ఒక్కో పార్టీ నుంచి ఒకరు కుర్చీ వేసుకుని కూర్చుని, ఓటేసి వచ్చిన వాళ్ల ఓటరు నంబరు అడిగి రాసుకోవడం మా దగ్గర అలవాటు. మా తరఫున డాఫ్నీ కూర్చుంది. నాకన్నా పెద్దావిడ, ఊళ్లో అందరినీ నడకను బట్టి, కోటును బట్టి పోల్చుకుంటుంది, ముఖాలను బట్టి పోల్చుకోవడం ఈమధ్య మానేసింది. ఎర్ర పార్టీ మనిషి టీకి వెళితే వాళ్ల నంబర్లు కూడా తనే రాసిపెట్టేది. అదేమిటి డాఫ్నీ, వాళ్లు మన ప్రత్యర్థులు అంటే, అయితే మాత్రం, ఆయనకు షుగరు ఉంది అంది.

చీకటి పడ్డాక ఒక ముసలాయన్ని దింపడానికి మళ్లీ అక్కడికి వెళ్లాను. డాఫ్నీ నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి చెవిలో చెప్పింది.

"మీ ఆయన వచ్చి వేసి వెళ్లాడు. నంబరు అడిగితే చెప్పకుండా తల దించుకుని పోయాడు."

నీకెలా తెలుసన్నాను. ఆకుపచ్చ కోటు, చిరిగిన జేబుకు నువ్వు వేసిన గోధుమ రంగు మాసికె, నాకు తెలియకపోవడమేమిటి అంది. టోపీ ముక్కు దాకా లాక్కున్నాడట, ఎవరూ చూడకూడదన్నట్టు.

నేను కారులోకి వెళ్లి కూర్చున్నాను. వైపర్లు తిరుగుతున్నాయి. కాసేపు ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. మనిషి మాట తప్పాడు. సంతలో తల ఊపి కాదనడం ఎరగని మనిషి నా కోసం తల దించుకుని, దొంగలా వచ్చి, నా పేరు పక్కన గుర్తు పెట్టి వెళ్లాడు. నేను అలాంటి సంతోషం మా పెళ్లి నాడు కూడా పడలేదు, ఎందుకంటే ఆ రోజు బూట్లు కరిచాయి.

బూత్ మూశాక క్లైవ్ ఇంటికి వచ్చి ఎప్పటిలాగే కోటు తగిలించి, కాళ్లు కడుక్కుని, ఇంకో ఎన్నిక గడిచింది అన్నాడు. నేనేమీ అడగలేదు. చెప్పుకోలేక బాధపడుతుంటాడు, నేను బయటపెట్టి ఇంకా సిగ్గుపరచడం ఎందుకనుకున్నాను. ఆయన పడుకున్నాక కోటు తీసి పొయ్యి దగ్గర ఆరబెట్టాను. మాసికె మీద చెయ్యి వేసి చూసుకున్నాను. ఆ కుట్టు నేనే వేశాను, అంత బాగా ఏమీ వేయలేదు. పొద్దున్న వేయించిన రొట్టె, సాసేజిలు, పుట్టగొడుగులు చేసిపెట్టాను. ఇవాళ విశేషమేమిటి అన్నాడు. లెక్కింపు కదా అన్నాను.

లెక్కింపు ఈత కొలను ఉన్న భవనంలో జరిగింది. లోపలంతా క్లోరిన్ వాసన. కట్టలు కట్టలుగా పేర్చుకుంటూ పోయారు. మా కట్టలు పక్కనున్న షెల్డన్ కట్టలతో దాదాపు సమానంగా లేచాయి, ఒక దశలో జైల్స్ నా భుజం మీద చెయ్యి వేశాడు. గెలిచే అవకాశం ఉన్నప్పుడే ఆయన మనుషుల భుజాల మీద చెయ్యి వేస్తాడు. కాసేపటికి తీసేశాడు. షెల్డన్ పందొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. బడిపంతులు మూడో స్థానంలో ఉన్నాడు. కౌంటీ అంతా ఇదే వరస. మధ్యాహ్నానికి మా పార్టీ వాళ్లు ఫోన్లలో ఒకరికొకరు ఓటములు చెప్పుకుంటుంటే చావు ఇంట్లో ఉన్నట్టు ఉంది. కౌంటీ కౌన్సిలులో మావాళ్లు మిగిలింది పిడికెడు మంది. జనం మనల్ని సరిగ్గా అర్థం చేసుకోలేదు అన్నాడు జైల్స్. నేను వాళ్ల ఇళ్లకు వెళ్లాను కాబట్టి, బాగానే అర్థం చేసుకున్నారు అన్నాను.

నేను నవ్వుతూ ఉండటం చూసి ఆయన కంగారుపడి, ఎవరైనా ఈమెకు కాసిని నీళ్లివ్వండి అన్నాడు. పందొమ్మిది ఓట్లతో ఓడిపోయిన మనిషి నవ్వకూడదు కాబోలు. నా లెక్క వేరే ఉందని వాళ్లకేం తెలుసు.

ఇంటికి వెళ్లేసరికి క్లైవ్ తోటలో బోర్డు పీకుతున్నాడు. సంగతి రేడియోలో విన్నాడట. దగ్గరకు వచ్చి, పందొమ్మిదే కదా, బాగా పోరాడావు అన్నాడు. ఇక ఆపుకోలేకపోయాను.

"నిన్న నువ్వు చేసింది నాకు తెలుసు" అన్నాను. "ఎవరికీ చెప్పను. కానీ థాంక్స్ చెప్పకుండా ఉండలేను."

"ఏం చేశాను?" అన్నాడు.

సరేలే, తెలియనట్టే ఉండు అన్నాను. ఆయన నిజంగానే తెలియనట్టు చూస్తున్నాడు. డాఫ్నీ చూసిందన్నాను. నీ కోటు, నేను వేసిన మాసికె, చీకటి పడే వేళ బూత్‌లో చూసిందన్నాను. క్లైవ్ చేతిలో బోర్డు అలాగే ఉంది. మొహంలో రంగు మెల్లగా మారింది. వేలం పాటలో దొంగ పాట పట్టుకున్నప్పుడు ఇలాగే మారేది.

"కోటు నా ఒంటి మీద లేదు. కోళ్లకని లెన్ వేసుకెళ్లాడు. వాడిది తడిసిపోయిందన్నాడు."

ఆ మాట నా తలకెక్కేలోపే ఆయన గేటు దాటాడు. నేనూ వెనకే పరిగెత్తాను. దారిపొడుగునా తిడుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ల ఒప్పందం, ఇన్నేళ్ల స్నేహం, కోళ్ల పేరు చెప్పి, అందులోనూ నా కోటు వేసుకుని, నా పెళ్లాం మీద ఎర్ర ఓటు వేసి వస్తాడా అని. నా తరఫున ఆయనకంత కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు మాత్రం ఆ కోపం దేనికీ అక్కరకు రాలేదు. ఆయన పోలేదు అన్న ఒక్క మాటే నా లోపల తిరుగుతూ ఉంది. ఆయన పోలేదు. మడిలోనే కూర్చున్నాడు.

లెన్ వంటింట్లో గుడ్లు తుడుస్తున్నాడు. మమ్మల్ని చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"ఓటేశావా?" అన్నాడు క్లైవ్.

"వేశాను."

"కోళ్లో?"

"కోళ్లను కూడా పెట్టాను."

సిగ్గు లేదా అన్నాడు క్లైవ్. సంతలో అయితే నీ మొహం కూడా ఎవరూ చూడరన్నాడు. నా పెళ్లాం నిలబడిన ఎన్నికలో, దాని మీదే, అని ఇంకా ఏదో అనబోతుంటే లెన్ నా వైపు చూశాడు, క్షమించమన్నట్టు. తర్వాత క్లైవ్‌తో చెప్పాడు.

"ఈమెకే వేశాను రా."

షెల్డన్‌ని ఆపడానికా అన్నాడు క్లైవ్, పార్టీల లెక్క అయితే ఆయనకు అర్థమవుతుంది. కాదన్నాడు లెన్.

"నువ్వు వెళతావని పొద్దుటి నుంచీ చూశాను. ఎన్నిసార్లో పనికిమాలిన పని పెట్టుకుని నీకు వీపు తిప్పి నిలబడ్డాను. అరగంట సేపు గుడిసెలో లేని సుత్తి వెతికాను. నువ్వు వచ్చి వెతకడానికి సాయం చేశావు. మధ్యాహ్నం నిద్రపోయినట్టు నటించాను క్లైవ్. గురక కూడా పెట్టాను. ఇప్పుడైనా లేచి పోతాడు, పోయి ఆ పిల్లకు ఓటేసి వస్తాడు, నేను చూడనట్టే ఉంటాను అనుకున్నాను. నువ్వు నా మీద గోనెపట్టా కప్పి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నావు."

"చలిగా ఉంది" అన్నాడు క్లైవ్.

"ఉంది" అన్నాడు లెన్. "మరి మనిద్దరిలో ఎవరో ఒకరు వెళ్లాలి కదా."

నాకు వచ్చిన వందల ఓట్లలో ఫలానావాళ్లు వేశారని ఖాయంగా తెలిసింది నాది కాక ఈ ఒక్కటే. అది పుట్టాక ఒక్కసారి కూడా నీలం పార్టీకి వేయనివాడి ఓటు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. వాళ్లిద్దరి ముందూ, తుడిచి పెట్టుకున్న ఆ వంటింట్లో నిలబడి, చిన్నపిల్లలా ఏడ్చాను. లెన్ మొహం తిప్పుకుని మళ్లీ గుడ్లు తుడవడం మొదలుపెట్టాడు.

క్లైవ్ దగ్గరకు వచ్చాడు. నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ప్రేమగానే వేశాడు.

"ఊరుకో రోజ్" అన్నాడు. "పందొమ్మిది తేడా. నేను వేసినా గెలిచేదానివి కాదు."